‘పర్లేదు’కి ఎన్ని మార్కులు?

ఆరోగ్య శీర్షిక – పెద్దల కీళ్ళవాతాన్ని కొలవడం ఎలా?



మన తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళకి రెండు అంకెలు కంఠతా వచ్చు. ఒకటి షుగరు, రెండోది బీపీ. సాయంత్రం పూట మన ఫ్రీమాంట్ సెంట్రల్ పార్కులో లేక్ ఎలిజబెత్ చుట్టూ నడిచే తాతగార్లని కదిపి చూడండి. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, ఆర్నెల్ల కిందట ఎంత, అన్నీ గడగడా చెప్పేస్తారు. పక్క బెంచీ ఆయన అంకెతో పోల్చుకుని కాస్త సంతోషిస్తారు కూడా! అదే కీళ్ళవాతంతో బాధపడే అమ్మమ్మగారిని “ఎలా ఉందండీ?” అని అడగండి. “పర్లేదమ్మా” అంటారు. అంతే.

ఆ “పర్లేదు”లో ఏముందో ఎవరికీ తెలీదు. పొద్దున్నే లేచాక గంటన్నర దాకా పిడికిలి బిగించలేకపోవడం ఉండొచ్చు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాల్సి రావడం ఉండొచ్చు. లేదా నిజంగానే ఏ బాధా లేకపోవచ్చు. ఈ మూడింటికీ ఇవ్వాల్సిన వైద్యం వేరు వేరు. అందుకే ఈ సంచికలో, కీళ్ళవాతం ఎంత తీవ్రంగా ఉందో డాక్టర్లు ఎలా కొలుస్తారు, పెద్ద వయసులో ఆ కొలత ఎక్కడెక్కడ తప్పుతుంది, మనం ఇంట్లో ఏం చేయగలం అన్నవి చూద్దాం.

ఏ కీళ్ళవాతం?

మనం కీళ్ళవాతం అనే ఒక్క మాటలో రెండు జబ్బులు కలిసిపోయాయి. మొదటిది అరుగుదల, అంటే ఆస్టియోఆర్థరైటిస్. వయసుతో పాటు మోకాళ్ళలో, వేళ్ళ చివరి కణుపుల్లో వచ్చేది ఇదే. నడిచిన కొద్దీ నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. రెండోది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇది అరుగుదల కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కీళ్ళ మీదే దాడి చేయడం. మణికట్లు, వేళ్ళ మొదటి, మధ్య కణుపులు వాస్తాయి. పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోయి, పనిలో పడ్డాక మెల్లగా వదులవుతాయి. మందు వాడకపోతే కీలు లోపల ఎముక దెబ్బతింటుంది, వేళ్ళు వంకరపోతాయి. గుండెజబ్బు ప్రమాదం కూడా పెరుగుతుంది.

ఇది మధ్య వయసు ఆడవాళ్ళ జబ్బని చాలామంది అనుకుంటారు. అరవై దాటాక మొదలయ్యే వాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో మగవారి వాటా ఎక్కువ. ఒక్కోసారి భుజాల దగ్గర ఉన్నట్టుండి పట్టేసినట్టుగా మొదలవుతుంది. 2006లో ఆంధ్రదేశమంతా చికున్‌గున్యా వచ్చినప్పుడు నెలల తరబడి కీళ్ళ నొప్పులు పడ్డవాళ్ళు మన బంధువుల్లో ఎందరో ఉన్నారు. ఆ అనుభవంతో కొందరు కొత్తగా వచ్చిన వాపుని కూడా “ఆ పాత జ్వరం తాలూకే” అనుకుని వదిలేస్తుంటారు. వాపు ఆరు వారాలు దాటితే వదిలేయకూడదు.

కొలిస్తే లాభమేమిటి?

స్కాట్లాండులోని గ్లాస్గోలో 110 మంది రోగులతో జరిగిన ఒక అధ్యయనం 2004లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. ఒక జట్టుకి మామూలు పద్ధతిలో వైద్యం చేశారు. రెండో జట్టు వాళ్ళని నెలనెలా పిలిచి, కీళ్ళు లెక్కపెట్టి, జబ్బుకి ఒక అంకె వేసి, ఆ అంకె దిగకపోతే మందు పెంచుతూ పోయారు. పద్దెనిమిది నెలల తరవాత మామూలు వైద్యం జట్టులో జబ్బు దాదాపు కనబడకుండా పోయినవాళ్ళు నూటికి 16 మంది. అంకె చూసి వైద్యం చేసిన జట్టులో నూటికి 65 మంది! రెండు జట్లకీ దొరికిన మందులు కొత్తవేం కాదు. తేడా అంతా కొలవడంలోనే ఉంది.

షుగరుని కొలవకుండా ఇన్సులిన్ ఇవ్వం కదా, ఇదీ అంతే.

ఇరవై ఎనిమిది కీళ్ళ లెక్క

ఎక్కువగా వాడే కొలతల్లో ఒకటి డాస్28. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఈ పద్ధతి 1995 నుంచి వాడుకలో ఉంది. డాక్టరు 28 కీళ్ళని బొటనవేలితో నొక్కి చూస్తారు. భుజాలు రెండు, మోచేతులు రెండు, మణికట్లు రెండు, మోకాళ్ళు రెండు, రెండు చేతుల వేళ్ళకీ మొదటి కణుపులు పది, ఆ తరవాతి కణుపులు పది. ఎన్ని చోట్ల నొప్పి ఉంది, ఎన్ని చోట్ల వాపు ఉంది అని రెండు లెక్కలు వేస్తారు. వాటికి ఈఎస్ఆర్ అనే రక్తపరీక్షనీ, “మొత్తం మీద మీకెలా ఉంది?” అన్న ప్రశ్నకి రోగి సున్నా నుంచి వంద దాకా ఉన్న గీత మీద పెట్టే గుర్తునీ కలుపుతారు.

మన ఊళ్ళో ఇంజనీర్లకి కొదవ లేదు గనక సూత్రం కూడా చెప్పేస్తాను. నొప్పి ఉన్న కీళ్ళ సంఖ్యకి వర్గమూలం తీసి 0.56తో గుణించండి. వాపు ఉన్న కీళ్ళ సంఖ్యకి వర్గమూలం తీసి 0.28తో గుణించండి. ఈఎస్ఆర్ సహజ సంవర్గమానాన్ని 0.70తో, రోగి పెట్టిన గుర్తుని 0.014తో గుణించి, నాలుగూ కూడండి. మొత్తం 5.1 దాటితే జబ్బు తీవ్రం. 3.2 పైన 5.1 దాకా మధ్యస్థం. 3.2 లేదా అంతకు లోపు స్వల్పం. 2.6 కన్నా తక్కువైతే జబ్బు నిద్రపోయినట్టు లెక్క.

రెండో కొలత సీడీఏఐ. 2005లో వియన్నా డాక్టర్లు తయారు చేశారు. దీనికి రక్తపరీక్షా అక్కర్లేదు, క్యాలిక్యులేటరూ అక్కర్లేదు. నొప్పి కీళ్ళు, వాపు కీళ్ళు, రోగి ఇచ్చే మార్కు పదికి, డాక్టరు ఇచ్చే మార్కు పదికి, నాలుగూ కూడటమే. 2.8 దాకా జబ్బు లేనట్టే, 10 దాకా స్వల్పం, 22 దాకా మధ్యస్థం, ఆ పైన తీవ్రం.

డెబ్భై దాటాక లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఈఎస్ఆర్ అంటే, నిలువు గొట్టంలో పోసిన రక్తంలో ఎర్రకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగుతాయన్న లెక్క. ఒంట్లో వాపు ఉంటే త్వరగా దిగుతాయి. కానీ వయసు పెరిగినా, రక్తహీనత ఉన్నా కూడా త్వరగానే దిగుతాయి. 1983 నుంచీ డాక్టర్లు వాడే ఒక తేలిక లెక్క ఉంది. మగవారికైతే వయసులో సగం, ఆడవారికైతే వయసుకి పది కలిపి అందులో సగం. అక్కడి దాకా మామూలే అనుకోవచ్చు. అంటే 72 ఏళ్ళ అమ్మమ్మగారికి 41 వచ్చినా కంగారు పడనక్కర్లేదన్న మాట.

ఇప్పుడు ఆవిడకి ఒక్క కీలూ నొప్పి లేదు, ఒక్క కీలూ వాపు లేదు అనుకుందాం. ఈఎస్ఆర్ 40. గీత మీద 20 దగ్గర గుర్తు పెట్టారు. లెక్క వేయండి. 2.86 వస్తుంది. 2.6 దాటింది! జబ్బు ఇంకా ఉన్నట్టే చూపిస్తుంది కాగితం. అదే పరిస్థితిలో ఈఎస్ఆర్ 20 ఉన్న ముప్ఫై అయిదేళ్ళ ఆవిడకి 2.38 వస్తుంది, జబ్బు నిద్రపోయినట్టు. ఇద్దరి కీళ్ళూ ఒకటే. తేడా వయసుది.

రెండో చిక్కు మోకాళ్ళది. డెబ్భై దాటిన వాళ్ళలో చాలామందికి మోకాళ్ళ అరుగుదల కూడా ఉంటుంది. నొక్కితే నొప్పి అంటారు. ఆ నొప్పి ఏ జబ్బుదో సూత్రానికి తెలీదు. పైగా డాస్28లో నొప్పికిచ్చే బరువు వాపుకిచ్చే బరువుకి రెండింతలు. సీడీఏఐతోనే చూద్దాం. నాలుగు కీళ్ళు నొప్పి, ఒకటి వాపు, రోగి మార్కు అయిదు, డాక్టరు మార్కు రెండు. మొత్తం 12, అంటే మధ్యస్థం. ఆ నాలుగింటిలో రెండు అరిగిన మోకాళ్ళని తీసి చూస్తే 10, అంటే స్వల్పం. ఒక మెట్టు దిగిపోయింది. ఫారం మీద అంకెలో మోకాళ్ళని ఇలా తీసేయడానికి నియమం ఒప్పుకోదు. కానీ మందు పెంచాలా వద్దా అని ఆలోచించేటప్పుడు మంచి డాక్టరు ఈ తేడాని మనసులో పెట్టుకుంటారు. ఆ మోకాళ్ళ పాత కథ ఆయనకి చెప్పాల్సింది మనమే.

మూడోది దీనికి తలకిందులు. 28 కీళ్ళ లెక్కలో చీలమండలూ పాదాలూ లేవు. అడుగు తీసి అడుగు వేయలేనంత నొప్పి పాదాల్లో ఉన్నా అంకె చిన్నదిగానే ఉండొచ్చు. “షూస్, సాక్సు విప్పి పాదాలు కూడా చూడండి డాక్టర్” అని అడగడంలో తప్పేమీ లేదు.

వంతెన అవతల పుట్టిన ప్రశ్నలు

కీళ్ళతో పాటు పనులు ఎంతవరకూ చేసుకోగలుగుతున్నారో కూడా కొలుస్తారు. దానికి ప్రపంచమంతటా వాడే ప్రశ్నావళి మనకి డంబార్టన్ వంతెన అవతలే పుట్టింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జేమ్స్ ఫ్రైస్, ఆయన సహచరులు 1980లో ప్రచురించిన హెల్త్ అసెస్‌మెంట్ క్వశ్చనేర్ అది. రోగి తన బాధ గురించి తానే చెప్పే మాటకి వైద్యశాస్త్రంలో ఒక స్థానం ఉండాలన్నది దాని మూల సూత్రం. అంతకు ముందు ఎక్స్‌రేకీ రక్తపరీక్షకీ ఉన్న విలువ రోగి మాటకి ఉండేది కాదు.

అందులో ఇరవై ప్రశ్నలు. మాంసం కోసుకోగలరా? కొత్త పాల డబ్బా తెరవగలరా? టబ్బులో స్నానం చేయగలరా? అయిదు పౌండ్ల పంచదార సంచి తలపై అరలోంచి దించగలరా? జీవితంలో మాంసం ముట్టని మామ్మగారు మొదటి ప్రశ్నకి ఏం టిక్కు పెడతారు? చాలాసార్లు “ఏ కష్టమూ లేదు” అన్న గడిలోనే. ఇంకో పక్క, ఆవిడకి నిజంగా కష్టమైన పనులు ఆ కాగితంలో లేవు. చపాతీ పిండి కలపడం, కొబ్బరి కోరడం, చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడం, పూజ దగ్గర కింద కూర్చుని లేవడం.

ఈ ఇబ్బంది గమనించే 2002లో మన దేశపు డాక్టర్లు పన్నెండు ప్రశ్నల భారతీయ రూపం ఒకటి తయారు చేశారు. బాసింపట్టు వేసుకుని కూర్చోగలరా, ఆటో ఎక్కి దిగగలరా, కూరగాయల మార్కెట్టుకి వెళ్ళి రాగలరా అన్నవి అందులో ఉన్నాయి. ఫ్రీమాంట్‌లో ఆటోలు లేకపోయినా, పద్ధతి మనకి పనికొస్తుంది. ఫారంలోని ప్రశ్న మన ఇంటికి అతకకపోతే, దానికి సమానమైన పని చెప్పి అడగాలి. “మాంసం” చోట “గుమ్మడికాయ ముక్క కోయగలవా అమ్మా?” అని. అలా మార్చి అడిగామని డాక్టరుకి చెబితే చాలు.

పర్లేదు, ఫర్వాలేదు, ఏదో అలా ఉంది

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆ గీత మీద గుర్తు. పిల్లల్ని కంగారు పెట్టకూడదని ఒకరు తక్కువ పెడతారు. “ఇన్సూరెన్సు ఖర్చు, అల్లుడు సెలవు పెట్టుకుని తీసుకొచ్చాడు” అని ఇంకొకరు తగ్గిస్తారు. మరొకరికి కీళ్ళు బాగానే ఉన్నా, రాత్రి నిద్ర లేదు, పగలంతా ఇంట్లో ఒంటరితనం, కారు లేనిదే గడప దాటలేరు. ఆ దిగులంతా గీత మీద 70 దగ్గర కూర్చుంటుంది. అది అబద్ధం కాదు. కానీ దానికి మందు కీళ్ళ మాత్ర కాదు.

ఇక్కడ మనం, కొడుకులూ కూతుళ్ళూ, ఓ పని చేస్తుంటాం. డాక్టరు అడగ్గానే “షీ ఈజ్ ఫైన్” అనో, “సెవెన్” అనో మనమే జవాబు చెప్పేస్తాం. ఆ మార్కు రోగిదే కావాలి. తెలుగులో అడిగి, ఆవిడ వేలు ఎక్కడ పెడితే అక్కడే రాయాలి. ఫెడరల్ ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రుల్లో ఇంగ్లీషు రానివారు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా అడగొచ్చు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే “తెలుగు” అని చెప్పండి. కొడుకు ముందు చెప్పలేని మాటలు ఫోనులో ఉన్న పరాయి మనిషి ద్వారా బయటికొస్తాయి.

మన భాషలో నొప్పికి ఎన్ని మాటలో! పోటు, సలుపు, మంట, తిమ్మిరి, పీకడం, లాగడం, పట్టేయడం, బిగుసుకుపోవడం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అన్నీ “పెయిన్” అయిపోతాయి. బిగుసుకుపోవడం వాపు వైపు చూపిస్తే, తిమ్మిరి నరం వైపు చూపించొచ్చు. మాటని బట్టి జబ్బు తేల్చలేం కానీ, ఆ మాట డాక్టరు దాకా చేరాలి.

అంకె పెద్దదైతే? చిన్నదైతే?

తప్పుడు అంకె వల్ల రెండు వైపులా నష్టమే. “పెద్ద వయసు కదా, ఇలాగే ఉంటుంది” అని నిజమైన వాపుని వదిలేస్తే చేతులు పోతాయి. వయసు తెచ్చిన ఈఎస్ఆర్‌నీ అరిగిన మోకాలినీ చూసి మందు పెంచితే ఇన్ఫెక్షన్లు వస్తాయి. అరవై అయిదు దాటిన 451 మంది మీద జరిగి 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రోజుకి 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ రెండేళ్ళు వాడితే జబ్బూ తగ్గింది, కీళ్ళ నష్టమూ తగ్గింది. కానీ దుష్ఫలితాల బారిన పడే అవకాశం 24 శాతం పెరిగింది. వాటిలో ఎక్కువ భాగం చిన్నపాటి ఇన్ఫెక్షన్లే. చిన్న మోతాదుకీ ధర ఉంటుందన్న మాట. అందుకే ఏ అంకె దాకా దించాలి అన్నది డాక్టరూ రోగీ కలిసి నిర్ణయించుకోవాలి. డెబ్భై అయిదేళ్ళ వారికి ‘స్వల్పం’ దగ్గర ఆగడం కూడా మంచి గమ్యమే కావచ్చు.

ఇక్కడ మెథోట్రెక్సేట్ గురించి ఒక గట్టి హెచ్చరిక. ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. ఇండియాలో ఒక్కో మాత్ర 10, 15 మిల్లీగ్రాములు కూడా ఉంటుంది. ఇక్కడ మామూలుగా ఇచ్చేవి 2.5 మిల్లీగ్రాములవి. “ఆరు మాత్రలు” అన్నది గుర్తుంచుకుని అక్కడి సీసాలోంచి ఆరు తీస్తే కొంప మునుగుతుంది. మాత్రల లెక్క కాదు, మిల్లీగ్రాముల లెక్క రాసి పెట్టుకోండి. ఏ వారం వేసుకోవాలో డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి, “బుధవారం మాత్రమే” అని. మూత్రపిండాల పరీక్ష ఎప్పటికప్పుడు చేయించాలి.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు

• ఉదయం పూట అపాయింట్‌మెంట్ అడగండి. మధ్యాహ్నం మూడింటికి కీళ్ళు వదులై, పొద్దుటి బాధ ఏదీ కనబడదు. కుదరకపోతే వాచిన చేతుల్ని పొద్దున్నే ఫోనుతో ఫొటో తీసి పెట్టండి.

• వెళ్ళేముందు నొప్పి మాత్ర వేసుకున్నారా, ఎన్నింటికి అన్నది చెప్పండి. ఊరి నుంచి తెచ్చుకున్న పొడులూ, లేహ్యాలూ, పేరు లేని మాత్రలూ అన్నీ సంచిలో వేసి తీసుకెళ్ళండి. కొన్నిటిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. అది అంకెని దొంగతనంగా దించుతుంది.

• ఇండియా నుంచి వచ్చే పెద్దలు అక్కడి డాక్టరు చేత ‘నొప్పి కీళ్ళు ఇన్ని, వాపు కీళ్ళు ఇన్ని, ఈఎస్ఆర్ ఇంత’ అని ఒక కాగితం మీద రాయించుకుని రావాలి. హైదరాబాదు నిమ్స్ లాంటి చోట్ల రుమటాలజీ విభాగాలే ఉన్నాయి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ రిపోర్టు ఒక్కటీ సరిపోదు. అది జబ్బు తీవ్రతని కొలవదు. జబ్బు లేని పెద్దల్లో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది.

• ప్రతిసారీ ఒకే కొలత వాడమని అడగండి. ఒకసారి డాస్28, మరోసారి సీడీఏఐ అయితే పెరిగిందో తగ్గిందో తెలీదు. ఒక్క అంకె కన్నా, నాలుగైదు అంకెల వరస ఎక్కువ చెబుతుంది.

పిల్లలూ, మీకో పని!

అమ్మ చేతో నాన్న చేతో ఇది చదివించుకోండి. మీ అమ్మమ్మకో తాతయ్యకో కీళ్ళ జబ్బు ఉంటే, ఇంట్లో స్కోర్‌కీపర్ మీరే. ఫ్రిజ్ మీద ఒక క్యాలెండరు అంటించండి. రోజూ మూడు సంగతులు రాయండి. ఒకటి, నిద్ర లేచాక పిడికిలి పూర్తిగా బిగించడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? రెండు, సున్నా నుంచి పది దాకా ఇవాళ ఎంత? మూడు, ఈ రోజు నొప్పికి అమ్మమ్మ వాడిన తెలుగు మాట ఏది?

సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనంత అని ముందే చెప్పండి. ఆవిడ “పర్లేదు” అంటే ఒప్పుకోవద్దు. “పర్లేదుకి ఎన్ని మార్కులు అమ్మమ్మా?” అని అడగండి. మీరడిగితే నవ్వుతూనైనా చెబుతారు, మాకు చెప్పనిది మీకు చెబుతారు. మూడు నెలలకి ఆ కాగితం డాక్టరుగారికి ఇవ్వండి. ఏ రక్తపరీక్షలోనూ దొరకని సంగతులు అందులో ఉంటాయి.

ఇది అందరికీ వర్తించే సమాచారం మాత్రమే. మందులు మార్చడం, ఆపడం మీ డాక్టరుతో మాట్లాడాకే చేయండి. వచ్చే సంచికలో పెద్దల ఎముకల బలం గురించి ముచ్చటించుకుందాం. అంతవరకూ సెలవు.